కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారు

మన మెదకు దుర్గము నెక్కువారెవ్వరును సింహద్వారముకడ ఒక్క క్షణము నిలువక మానరు. అచ్చట రాతియందు చెక్కబడిన సింహములు నోరు తెరచి కోరలు చూపుచు, వచ్చువారిని బెదరించుచున్నట్లుండును. మొదటిసారి వచ్చిన చిన్నపిల్లలు తల్లి కొంగు పట్టుకొందురు. రెండవసారి వచ్చినపుడు ఆ పిల్లలే సింహముల నీడను కూర్చుండి అటుకులు తిందురు. సింహము మారలేదు, దాని కోరలును అరుగలేదు. అది రాయి యని పిల్లలకు తెలిసినది, అంతియే.

మనుష్యుల విషయమునను మనము చేయుచున్న పని ఇట్టిదే. ఆటస్థలమునకు క్రొత్తగా వచ్చిన బాలుని జూచి, వాని భుజముల వెడల్పును, కంఠధ్వనిని, నడకలోని దర్పమును కొలిచి, వీడు బలవంతుడని కొందరికి లొంగిపోవుదుము. బక్కపలుచగా, మాట తక్కువగా నున్నవానిని తోసివేసి ముందుకు పోవుదుము. పైన పటారము, లోన లొటారము అను సామెత మన పెద్దలు ఊరక పుట్టింపలేదు. విరాటుని వంటశాలలో గరిట పట్టుకొని తిరిగిన వలలుని జూచి ఎవ్వరు వెరచిరి? కవణము చేతబట్టి వచ్చిన గొఱ్ఱెలకాపరిని జూచి గొల్యాతు నవ్వలేదా? రూపమును జూచి బలమును లెక్కించువారు తరచుగా లెక్క తప్పుదురు.

ఈ సంగతిని తన జీవితముచేతనే తెలియజెప్పిన తెలుగువాడొకడు కలడు. ఆయనయే కలియుగ భీముడని దేశమెల్ల కొనియాడిన శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారు. భీముడను బిరుదు విన్నంతనే కొండవంటి దేహము మన కన్నులయెదుట నిలుచును. కాని ఆయన చరిత్రమునందు ముఖ్యముగా తెలిసికొనవలసినది దేహమును గూర్చి కాదు, ఊపిరిని గూర్చి. ఆ ఊపిరి కథనే ఇచ్చట చెప్పబూనుచున్నాను.

రామమూర్తి నాయుడుగారు 1882వ సంవత్సరమున వీరఘట్టమను గ్రామమున జన్మించిరి. అప్పటికది మద్రాసు రాజధానిలోనిది. ఇప్పుడది 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో చేరియున్నది. తండ్రి వెంకన్న నాయుడుగారు. చిన్నతనముననే తల్లిని పోగొట్టుకొనుటచే బాలుడు తండ్రి పెంపకముననే పెరిగెను. ఆ బాలుని జూచినవారెవ్వరును వీడు భీముడగునని అనుకొనియుండరు. ఏలయన ఐదేండ్ల ప్రాయమునుండి వానికి ఉబ్బసము పట్టుకొన్నదని ఆయన చరిత్రము వ్రాసినవారు చెప్పుదురు. ఉబ్బసపు బాధ ఎరిగినవారికి దీని భావము తెలియును. తక్కిన పిల్లలు పరుగెత్తుచుండగా తాను నిలిచిపోవలెను. రాత్రులు తక్కినవారు నిద్రించుచుండగా తాను కూర్చుండి గాలికై పెనుగులాడవలెను. ఎల్లరకును వెల లేకుండ దొరకు వస్తువు, అనగా ఊపిరి, ఆ బాలునికి కష్టార్జితమైయుండెను.

అట్టి బాలుడు భారతకథలోని భీముని, హనుమంతుని సాహసములను విని, తానును అట్టివాడు కావలెనని తలంచెనట. ఆ మాట విన్నవారు నవ్విరట. నవ్వుటలో వారి తప్పు పెద్దగా లేదు. వారు కంటికి కనబడినదానిని జూచి నవ్విరి. కంటికి కనబడనిది ఆ బాలుని యందొకటి యుండెను. అది పట్టుదల. వేకువజామున లేచి ఊరి చెరువు గట్టునకు పోయి వ్యాయామము చేయుట వానికి నిత్యవ్రతమయ్యెను. ఆ దినములలో ప్రతి పెద్ద గ్రామమునందును ఒక తాలింఖానా, ఒక గోదా, ఒక వస్తాదు ఉండుట కలదు. సాముగరిడీలు, దండీలు, బస్కీలు, కుస్తీపట్లు, ఇవియే అప్పటి పల్లెటూరి బాలుర వ్యాయామ పాఠములు. ఇనుప యంత్రములు లేవు, రంగుసీసాలలోని పొడులు లేవు. నేల కలదు, దేహము కలదు, గురువు కలడు.

పిమ్మట తండ్రి ఆ బాలుని విజయనగరమునకు, పోలీసు శాఖలో నుద్యోగియైన పినతండ్రి నారాయణస్వామి నాయుడుగారియొద్దకు పంపెను. విజయనగరము కోటతోను, సంగీత సాహిత్యములతోను ప్రసిద్ధి కెక్కిన పట్టణము. గురజాడ అప్పారావుగారు నివసించినదియు ఆ పట్టణముననే. దేహపుష్టి లేని జాతికి దేశాభ్యుదయము లేదను భావమును 1910లో గీతముగా వ్రాసిన కవి ఒకవైపునను, ఆ భావమునకు ఆకారమిచ్చిన మల్లుడు మరియొకవైపునను ఒకే పట్టణమునందు వర్ధిల్లుట గమనింపదగినది. అచ్చటి వ్యాయామశాలలలో బాలుని దేహము గట్టిపడెను. ఉబ్బసము వెనుకంజ వేసెను.

తరువాత నాయుడుగారు మద్రాసు చెంతనున్న సైదాపేటకు పోయి అచ్చటి కళాశాలలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణము పొంది, యోగ్యతాపత్రముతో విజయనగరమునకు మరలివచ్చి, తాము చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయులైరి. విద్యార్థులారా, ఈ సంగతి మీరు మరువకుడు. లోకమంతయు భీముడని పొగడిన మనుష్యుడు మొదట మీ డ్రిల్లు మాష్టరువంటివారే. ఈల చేతబట్టి, బాలురను వరుసలలో నిలువబెట్టి, చేతులు చాపుడు, ఊపిరి పీల్చుడు అని చెప్పినవారే. వీధిలో పోవుచుండగా ఆయనను గుర్తింపనివాడు సామాన్యుడైన ఒక బడిపంతులుగానే ఎంచియుండును.

ఆ కాలమున హిందూదేశమునందు సర్కసు విద్య క్రొత్తగా వ్యాపించుచుండెను. 1880లో మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో మొదటి స్వదేశీ సర్కసును ప్రారంభించెను. ఆ దారినే నాయుడుగారును పొట్టి పంతులుగారను మిత్రుని తోడ్పాటుతో ఒక సర్కసు సంఘమును స్థాపించిరి. తుని సంస్థానాధీశుల సాయము ఆ సంఘమునకు లభించెను. అటుపిమ్మట తెలుగు జిల్లాలలోను, మద్రాసులోను, పూనాలోను, కలకత్తాలోను ఆయన డేరాలు వెలసిన చోటులకు జనులు తండోపతండములుగా వచ్చుచుండిరి.

వారు చూడవచ్చిన విద్యలు ముఖ్యముగా మూడు. రొమ్మునకును భుజములకును ఇనుప గొలుసు బిగించి కట్టించుకొని, ఊపిరి పూరించి ఆ గొలుసును తెంచుట మొదటిది. మోటారు కార్లకు గొలుసులు కట్టించి, వాటి కొనలను తాను పట్టి, బండ్లను కదలనీయక నిలుపుట రెండవది. నేలపై పరుండి, రొమ్ముమీద బల్ల వేయించుకొని, దానిపై ఏనుగును నడిపించుకొనుట, లేక నిలుపుకొనుట మూడవది. రాజప్రతినిధియైన మింటో ప్రభువు ఈ మాటలు నమ్మక తన కారునే కట్టించి పరీక్షించెనని, కారు కదలలేదని చెప్పుదురు. మింటో ప్రభువు 1905 మొదలు 1910 వరకు ఆ పదవియందుండెను. అప్పటి కార్లు నేటి కార్లంతటి శక్తిగలవి కావు. 1908లో వెలువడిన ఫోర్డువారి ప్రసిద్ధమైన కారునకు 20 గుఱ్ఱముల శక్తి మాత్రమే యుండెను. అయినను 20 గుఱ్ఱములనగా ఒక మనుష్యుని చేతికి తక్కువ మాట కాదు.

ఇవి మాయలా, మంత్రములా అని అప్పటివారు తర్కించుకొనుచుండిరి. మాయ లేదు, మంత్రము లేదు. ప్రకృతి నియమము కలదు, దానిని వినియోగించుకొను నేర్పు కలదు. కదలక నిలిచియున్న బండికి వేగమింకను రాలేదు. మొదటి క్షణమునందే దానిని పట్టి, కాళ్లను నేలకు తన్నిపెట్టి, గొలుసు సడలనీయక నిలిచినచో చక్రములు జారి బండి నిలుచుటకు వీలుకలదు. ఆ మొదటి క్షణము తప్పి బండికి వేగము వచ్చెనా, ఏ భీముడును దాని నాపజాలడు. కావున ఈ విద్యయందు కండబలముతోపాటు కాలజ్ఞానము ముఖ్యము.

ఏనుగు సంగతియు నట్టిదే. ఏనుగు కాలు నేరుగా ఒక్క ఎముకపై పడినచో ఆ ఎముక పిండియగును. బల్ల వేయుటచే బరువు రొమ్మంతటను వ్యాపించును. అయినను మిగిలిన భారము సామాన్యము కాదు. దానిని మోయునది ఎముక మాత్రము గాదు, రొమ్ములో బంధింపబడిన గాలి. గాలి నిండిన బంతిని మీరు అరచేతితో నొక్కిచూచితిరి గదా? తూటు పొడిచినచో అదే బంతి చిన్నపిల్లవాని వ్రేలికే లొంగును. మనుష్యుని రొమ్మును అటువంటిదే. ఊపిరితిత్తులు నింపి, గొంతు మూసి, రొమ్ముకండరములను పొట్టకండరములను బిగించినంతకాలము పక్కటెముకలకు లోపలినుండి ఆధారము కలదు. నడుమ ఊపిరి విడిచెనా, ఆధారము పోవును.

ఇప్పుడాలోచింపుడు. ఏనుగు కాలెత్తినప్పుడు మనుష్యుని మనస్సు ఏమి చేయును? భయపడును. భయపడినవాని ఊపిరి ఏమగును? పొట్టిదగును, తడబడును, జారిపోవును. ప్రధాన పరీక్ష యిచ్చటనే కలదు. డేరాలో కూర్చున్న వేలమంది ఏనుగును జూచుచుండిరి, నాయుడుగారి రొమ్మును జూచుచుండిరి. అచ్చట నిజముగా జరుగుచున్న పోరాటము ఎవ్వరికిని కనబడుట లేదు. అది భయమునకును ఊపిరికిని జరుగుచున్న పోరాటము. చిన్ననాట రాత్రియెల్ల గాలికై పెనుగులాడిన బాలుడే ఇప్పుడా గాలిని తన వశమునం దుంచుకొని నవ్వుచుండెను. ఆయన సాధనలో దండీలు బస్కీలతోపాటు ప్రాణాయామమునకు ముఖ్యస్థాన ముండుటకు కారణమిదియే.

(బాలురు ఈ విద్యలను ఇంటివద్ద అనుకరింపరాదని హెచ్చరించుట నా విధి. అనేక సంవత్సరముల శిక్షణము లేక రొమ్ముపై బరువు పెట్టించుకొనువారు పక్కటెముకలకును గుండెకును హాని తెచ్చుకొందురు.)

నాయుడుగారి చిత్రపటములను జూచినవారికి ఒక సంగతి తోచును. ఆయన దేహము నిండైనది, గట్టిది. కాని పాశ్చాత్య మల్లుల పటములలోవలె కండలు త్రాళ్లవలె విడివిడిగా లేచి కనబడవు. ఇందుకు ఆశ్చర్యపడ నక్కరలేదు. చూపునకు బలముగా నుండుట వేరు, బలము కలిగియుండుట వేరు. మల్లరంగమునందును, ముష్టియుద్ధ రంగమునందును ఇందుకు నిదర్శనములు పెక్కులు కలవు.

గ్రీకు శిల్పములకు సాటియైన దేహము కలవాడని ప్రసిద్ధి గాంచిన యూజిన్ శాండో 1889లో లండనునందు పేరుమోసిన మల్లుని సవాలు నంగీకరించి రంగమెక్కినపుడు, దొరల విందు దుస్తులలో, కంటి అద్దముతో వచ్చెను. దుస్తులలో అతడు సామాన్యుడుగా కనబడుటచే జనులు నవ్విరి. దుస్తులు తీసినపుడు ఆ నవ్వు ఆగెను. అతడును 1904, 1905 సంవత్సరములలో హిందూదేశమునకు వచ్చి ప్రదర్శనలిచ్చి పోయెను.

1910లో పంజాబునుండి లండనునకు పోయిన గామా ఎత్తు సుమారు 5 అడుగుల 7 అంగుళములు. ఆ పొట్టితనమును జూచి అచ్చటివారు మొదట అతనిని పందెములలో చేర్చుకొనుటకే సంశయించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన జరిగిన పోరులో భారీకాయుడైన స్బిష్కో అను పోలండు మల్లుడు గామా దెబ్బకు వెరచి రెండున్నర గంటలకు పైగా చాపను కరచుకొని పడియుండెను. వారము దినముల తరువాత మరల పోరుటకు రావలసియుండగా రానే లేదు. 1928లో పటియాలాలో ఇరువురును మరల తలపడినపుడు ఒక నిమిషమైనను నిండకమునుపే గామా అతనిని వెల్లకిల పడవేసెను.

ముష్టియుద్ధమందు, అనగా బాక్సింగునందు, కన్నులు మరింత మోసపోవును. బాబ్ ఫిట్జ్‌సిమన్స్ అను కమ్మరి పనివాడు బట్టతల, మచ్చల మేను, పుల్లలవంటి కాళ్లు కలవాడు. అతనిని జూచినవారికి భయము కంటె జాలి ముందు కలిగెడిది. కాని సమ్మెట కొట్టికొట్టి గట్టిపడిన భుజములతో 1897 మార్చి 17న అమెరికాలోని కార్సన్ పట్టణమున అందగాడు, నేర్పరియైన కార్బెట్టును 14వ రౌండులో పొట్ట పైభాగమున కొట్టి కూలద్రోసి ప్రపంచ విజేతయయ్యెను. వేల్సు దేశమునందలి బొగ్గుగనులలో పనిచేసిన జిమ్మీ వైల్డు ఎత్తు సుమారు 5 అడుగుల 2 అంగుళములు. 112 పౌనుల తరగతిలో పోరాడినను అతని బరువు ఆ హద్దును చేరుట అరుదు. రంగముమీద అతనిని జూచి పాఠశాల బాలుడెవడో దారితప్పి వచ్చెనని అనుకొనవచ్చును. 1916లో అతడు తన తరగతిలో ప్రపంచ విజేతయై, తనకంటె ఎంతో బరువైనవారిని సయితము పడగొట్టెను.

ఒకనిని జూచి మరియొకడు తప్పుగా అంచనా వేసినచో నష్టము ఆ ఇరువురికే. ఒక ప్రభుత్వము ఒక జాతిని జూచి తప్పుగా అంచనా వేసినచో నష్టము దేశమునకు. 1885 మొదలు 1893 వరకు హిందూదేశ సేనాధిపతిగా నున్న రాబర్ట్సు ప్రభువును, ఆయన భావములవారును, ఎత్తైన ఉత్తరదేశీయులే యుద్ధయోగ్యులని, దక్షిణదేశీయులు సేనకు తగరని నిశ్చయించి, మద్రాసు పటాలములను తగ్గించివేసిరి. ఒకప్పుడు ఉత్తరహిందూస్థానమునందు సిపాయి అనుటకు మారుగా తెలింగా అని వాడుక యుండెను. ఏలయన కంపెనీ సేనలలో మొదటినుండి తెలుగువారు నిండియుండిరి. అట్టి జాతి కాలక్రమమున మెత్తనివారి జాబితాలో చేరెను. వంగదేశీయులకును ఇట్టి అపవాదమే యుండెను. బలహీనులు, పుస్తకములు పట్టువారేగాని కత్తి పట్టువారు కారని దొరలు వ్రాసిన వ్రాతలను వంగ బాలురు బడిలో చదువుకొనవలసివచ్చెను.

ఇట్టి దినములలో, 1905నాటి వంగవిభజనమునకు తరువాత స్వదేశోద్యమము రగులుచున్నపుడు, మద్రాసు రాజధానివాడైన, మాంసము ముట్టని ఒక తెలుగు బడిపంతులు కలకత్తాలో ఏనుగును రొమ్ముపై నిలుపుకొనెను. ఆ దృశ్యము వంగ యువకుల హృదయములలో ఎట్టి ఉత్సాహము నింపెనో ఊహింపవచ్చును. వారు చూచినది సర్కసు మాత్రము గాదు. తమనుగూర్చి తమకు చెప్పబడిన మాట అబద్ధమని చూచిరి. పూనాలో లోకమాన్య తిలకుగారు నాయుడుగారిని గౌరవించి మల్లమార్తాండ బిరుదము నొసగిరి. పండిత మదనమోహన మాలవ్యగారు ఆదరించిరి. లండనునందు ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శనలిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదమును పొందిరని ప్రసిద్ధి. హెర్క్యులిస్ యనగా గ్రీకుల పురాణములలోని భీముడు. సముద్రమునకు ఈవల భీముడు, ఆవల హెర్క్యులిస్. రెండు పేర్లును వీరఘట్టపు ఉబ్బసరోగికే చెల్లినవి.

సంపదయు వచ్చెను. వచ్చినది వచ్చినట్లు దానములకును దేశసేవా కార్యములకును వ్యయమయ్యెనని ఆయన నెరిగినవారు చెప్పుచుండిరి. చేతిబలము గలవాని చేయి ఇచ్చుటయందును బిగియకుండుట అరుదైన గుణము. రంగముపై గర్జించినట్లుండు మనుష్యుడు రంగము దిగిన పిమ్మట శాకాహారము, జపము, వ్యాయామము, శిష్యులకు శిక్షణము, వీటితోనే కాలము గడపుచుండెను. తన బలముచే ఇతరులను భయపెట్టవలెనను కోరిక ఆయనకు లేకుండెను. బలము నిజముగా నున్నవానికి దానిని ప్రతి నిమిషమును చూపవలసిన అగత్య ముండదు. లేనివానికే ఉండును.

ఇంతవరకు చెప్పినది విజయముల కథ. మనుష్యుని బలము విజయకాలమున పూర్తిగా తెలియదు. నాయుడుగారి కాలిపై రాచపుండు లేచెను. ఏనుగు పాదమునకు లొంగని దేహము చిన్న వ్రణమునకు లొంగవలసివచ్చెను. కాలు తీసివేయనిదే ప్రాణము దక్కదని వైద్యులు నిశ్చయించిరి. శస్త్రచికిత్స దినమున మత్తు కలిగించుటకు క్లోరోఫారము తెచ్చిరి. ఆయన అది వలదని చెప్పి, ప్రాణాయామముచే ఊపిరిని నిలిపి, మెలకువతోనే ఆ బాధను సహించిరని ఆయన జీవితకథ చెప్పినవారందరును చెప్పుదురు.

ఈ ఘట్టమునే నేను ముఖ్యముగా మీ యెదుట పెట్టదలచితిని. డేరా లేదు, దీపములు లేవు, చప్పట్లు లేవు. చూచువారు వైద్యులు, పరిచారకులు మాత్రమే. రొమ్ముమీద ఏనుగు లేదు; కాని అంతకంటె బరువైనది ఒకటి కలదు. ఇకమీదట తాను ఎవరికిని భీమునివలె కనబడననెడి ఎరుక. దేశమంతయు చూచి వెరచిన రూపము ఆ బల్లమీద సగమై పోవుచుండెను. ఆ సమయమున రూపము ఆయనకు సాయము చేయలేదు. బిరుదములు సాయము చేయలేదు. చిన్ననాట వీరఘట్టపు చెరువుగట్టున సంపాదించుకొన్న ఊపిరి సాయము చేసెను. భయమును నిలువరించుట నేర్చిన మనస్సు సాయము చేసెను. ఒంటికాలి మనుష్యుని జూచి వీథిలో ఇక నెవ్వరును తొలగి త్రోవ యియ్యరు. అయినను మిక్కిలి బలవంతుడైన రామమూర్తి నాయుడుగారు నాకు ఆ ఒంటికాలివారే.

కడపటి దినములను ఆయన ఒడిశాలోని పట్నా సంస్థానమునకు ముఖ్యపట్టణమైన బలాంగీరునందు గడపిరి. 1942 జనవరి మాసమున, సంక్రాంతి పండుగ గడచిన దినములలో, అచ్చటనే కన్నుమూసిరి. రాత్రి నిద్రకు పోయినవారు మరల లేవలేదని చెప్పుదురు. ఆయన వయస్సు అప్పటికి 60 ఏండ్లకు లోపే. విశాఖపట్టణ సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణము ఆయన పేర వెలసినది. అచ్చట పరుగుపందెములకు వచ్చు బాలురలో ఉబ్బసముగలవాడొకడుండిన యెడల, ఆ పేరు ఎవరిదో వానికి తప్పక చెప్పవలసియున్నది.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు దేహపుష్టి గలవారు, కొందరు లేనివారు. పుష్టిగలవారికి నా విన్నపము: మీ రూపమును జూచి మీ తోటివాడు వెరచినచో అది మీ విజయమని తలపకుడు. వాని భయమును తీర్చుటయే మీ బలమునకు తగిన పని. పుష్టి లేనివారికి నా విన్నపము: మీరు ఈనాడు ఎట్లు కనబడుచున్నారో అదియే మీ కొలత యని నమ్మకుడు. వేకువను లేవుడు. నేలను, గాలిని వాడుకొనుడు. వాటికి వెల లేదు. ఒక్క దినములో ఫలము కోరకుడు. నవ్వువారిని నవ్వనిండు. తల్లిదండ్రులకును నా విన్నపమొకటి కలదు: ఇంటిలో నలుగురు బిడ్డలుండగా బక్కవానిని పేరుపెట్టి బక్కవాడని పిలువకుడు. ఆ పిలుపు వాని ఎముకలకంటె లోతుగా నాటుకొనును.

ఈమారు దుర్గమునకు పోయినపుడు సింహద్వారముకడ నిలిచి ఆ రాతి సింహములను మరల చూడుడు. అవి నోరు తెరచి ఎన్ని వందల ఏండ్లైనను ఒక్కసారి ఊపిరి పీల్చలేదు. ఆ నేలమీదనే, ఆ నీడలోనే కూర్చున్న చిన్నబాలుడు ఎంత బక్కవాడైనను ఊపిరి పీల్చుచున్నాడు. వాడు ఏమి కాగలడో చూచినంతమాత్రమున ఎవరికి తెలియును?